తెర మీది విశాఖ - నేల మీది విశాఖ

అమలాపురం నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. "మావారికి రెండు రోజులు సెలవు దొరికింది. విశాఖపట్నం వెళ్దామనుకుంటున్నాం. సినిమాల్లో చూసిన చోట్లు చూడాలని నా కోరిక. దేవుణ్ణి చూడాలని మా అత్తగారి కోరిక. నీళ్ళల్లో ఆడాలని పిల్లల కోరిక. మావారికి ఏ కోరికా లేదు, ఖర్చు తక్కువైతే చాలంటారు. మీరు సినిమావాళ్ళ వెంట తిరిగే మనిషి గదా, ఒక దారి చెప్పండి." ఇదీ సారాంశం.

అమ్మా, ఇంటిల్లిపాది కోరికలూ రెండు రోజుల్లో తీర్చగల వూరు మనకి ఏదైనా వుందంటే అది విశాఖపట్నమే. కొండ వుంది, సముద్రం వుంది, రేవు వుంది, గుడి వుంది, సినిమా వుంది. పనిమీద ఏడాదికి నాలుగైదుసార్లు ఆ వూరు వెళ్ళి వస్తుంటాను. షూటింగ్ చూడటానికి వెళ్ళి, ఏ వానకో షూటింగ్ కేన్సిలై, ఊరికే కాళ్ళీడ్చుకుంటూ తిరిగిన రోజుల్లోనే ఆ వూరు నాకు కాస్త తెలిసింది. అందుకని ఈ వారం తారల కబుర్లు పక్కన పెట్టి ఒకే ఒక్క తార గురించి రాస్తాను. ఎన్ని సినిమాల్లో కనిపించినా పారితోషికం పుచ్చుకోని తార. మేకప్ అక్కర్లేని తార. డేట్లు ఎగ్గొట్టని తార. విశాఖ సముద్ర తీరం!

సూర్యుడి డబుల్ యాక్షన్

మొదటిరోజు తెల్లవారకముందే లేవండి. పిల్లలు సణుగుతారు, వినకండి. ఆర్కే బీచికి వెళ్ళండి. ఆర్కే అంటే రామకృష్ణ. అక్కడున్న రామకృష్ణ మిషన్ ఆశ్రమం వల్ల ఆ తీరానికి ఆ పేరు వచ్చింది. బీచి రోడ్డు పొద్దున్నపూట నడిచేవాళ్ళది. పెన్షనర్లు, పరుగు పందాల కుర్రాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు, డాక్టరు చెప్పాడని వచ్చినవాళ్ళు, డాక్టర్లు... అందరూ అక్కడే.

ఆ వేళప్పుడే సినిమా రహస్యం ఒకటి మీకు అర్థమవుతుంది. తెర మీద హీరో హీరోయిన్లు చెట్టాపట్టాలు వేసుకుని ఇసుకలో నడుస్తుంటారు. వెనక సముద్రం అంచున ఎర్రటి సూర్యుడు. "ఆహా, సాయం సంధ్య" అనుకుంటాం మనం. కానీ మనది తూర్పు తీరం. ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గాని సముద్రంలోకి దిగడు. సాయంత్రం అయ్యేసరికి వూరి వెనకవున్న కొండల చాటుకు పోతాడు. కనుక విశాఖ సముద్రంలో నీటి అంచుకు ఆనుకుని సూర్యుడు కనిపించాడంటే, కథలో అది ఏ వేళయినా సరే, తీసింది మాత్రం పొద్దున్నే. ఆ సంధ్యలో సిగ్గుపడుతున్న హీరోయిన్ రాత్రి మూడు గంటలకే లేచి మేకప్ వేసుకుని వుంటుంది. నాకు తెలిసిన అసిస్టెంట్ కెమెరామన్ ఒకాయన అంటుంటాడు: "ఆ వెలుగు కాసేపేనండీ. ఈలోగా ఎవరికైనా తుమ్మొచ్చిందా, ఇక రేపే!"

ఆ వెలుగు చూశాక అట్నించి జాలరిపేట వైపో, ఫిషింగ్ హార్బరు వైపో వెళ్ళండి. వేట నుంచి పడవలు వచ్చేవేళ అది. కోనెం, చందువ, కవళ్ళు, రొయ్యలు, ఇంకా పేరు తెలియని చేపలు ఎన్నో కుప్పలుగా పోస్తారు. వేలం పాట చూస్తే మన కోర్టు సీన్లలో డైలాగులు దిగదుడుపే. ఒక్కమాట: ఫోటో తీసుకోవాలంటే అడిగి తీసుకోండి. వాళ్ళక్కడ వ్యాపారంలో వుంటారు, వేషంలో కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ వెళ్తే మాత్రం ఈ సందడి వుండదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతా మరపడవల వేట నిషేధం.

ఎరువు తెచ్చిన ఇసుక

ఒకసారి అలా షూటింగ్ లేని రోజున జాలరిపేట దగ్గర వల బాగుచేసుకుంటున్న ముసలాయన పక్కన కూర్చున్నాను. "తాతా, ఈ ఇసుకలో ఎన్ని సినిమాలు తీసివుంటారు?" అన్నాను. ఆయన తలెత్తకుండానే చెప్పాడు: "సినిమాల సంగతి నాకేటి తెలుస్తాది బాబూ? ఇసక సంగతి సెప్తాను. మా సిన్నప్పుడు ఇసక అల్లంత దూరం వుండీది. వలలు ఆరేసుకునీవోళ్ళం. ఇప్పుడు కెరటం రోడ్డు కాడికొచ్చేస్తంది."

ముసలివాళ్ళు పాతకాలం గొప్పలు చెప్పడం మామూలే అనుకున్నాను గాని, తెలిసినవాళ్ళని అడిగితే ఆ మాటలో గొప్పలేమీ లేవని తేలింది. సంగతి ఏమిటంటే, ఇసుక కూడా మనలాగే ప్రయాణం చేస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు కెరటాలు దాన్ని ఒడ్డు వెంబడే దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తుంటాయి. శీతాకాలంలో కొంత వెనక్కి తోస్తాయి. లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఆ దారికి అడ్డంగా విశాఖ రేవు వచ్చింది. 1933లో రేవు తెరిచారు. దాని ముఖద్వారానికి కాపలాగా జానస్, వెల్లెడన్ అనే రెండు పాత ఓడల్ని కావాలనే నీళ్ళలో ముంచి అడ్డుకట్టగా వాడారు. తర్వాత 1970ల్లో ఔటర్ హార్బరు కట్టారు. సముద్రంలోకి పెద్ద పెద్ద రాతి గోడలు వేశారు. రేవు వల్లనే వూరు ఇంత వూరైంది, కాదనను. కానీ దక్షిణం నుంచి నడిచొచ్చే ఇసుక ఆ గోడల దగ్గర ఆగిపోయింది. గోడలకి ఉత్తరానవున్న ఆర్కే బీచికి రావలసిన వాటా రావడం లేదు. కెరటాలు పట్టుకుపోయేది మాత్రం పట్టుకుపోతూనే వున్నాయి. ఆదాయం తగ్గి ఖర్చు తగ్గని సంసారం ఎలా వుంటుందో అలా వుంది ఆ ఒడ్డు.

అప్పుడేం చేస్తారు? అప్పు చేస్తారు. రేవు దగ్గర పేరుకున్న ఇసుకని డ్రెడ్జర్లతో తోడి, నీళ్ళతో కలిపి, గొట్టాల గుండా బీచి మీదికి పంపిస్తారు. అంటే మీ పిల్లలు గూళ్ళు కట్టుకునే ఇసుకలో కొంత దానంతటది వచ్చింది కాదు, మోసుకొచ్చి పోసింది. మనం పాటల్లో చూసి మురిసిపోయిన ఆ తీరానికి ఏటేటా ఇసుక తినిపిస్తే గాని నిలవని రోజులు వచ్చాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నేరుగా ఈ వూరి మీదికే వచ్చింది. ఆ ఏడు సముద్రం ఎక్కడిదాకా రాగలదో వూరివాళ్ళందరూ కళ్ళారా చూశారు.

ఇది మీ సరదా పాడుచెయ్యడానికి చెప్పడం లేదు. ఎదురుగా వున్నది ఎంత విలువైనదో తెలిస్తే చూపు మారుతుందని చెబుతున్నాను.

నీళ్ళలో ఒక మాట

పిల్లల కోరిక నీళ్ళు గదా. దాని గురించి నవ్వకుండా చెబుతాను.

రెండేళ్ళ క్రితం వేసవిలో మా పెద్దమ్మ మనవణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. పదమూడేళ్ళ వాడు. వూళ్ళో కాలవలో ఈత వచ్చు గనుక ధీమా. "మావయ్యా, అక్కడ కెరటాలు లేవు, నీళ్ళు నెమ్మదిగా వున్నాయి, అక్కడ దిగుతా" అన్నాడు. నడుముల్లోతు కూడా లేదు. చూస్తుండగానే కాళ్ళకింద ఇసుక జారినట్టయి పది గజాలు, ఇరవై గజాలు... వాడు ఒడ్డుకేసి ఈదుతున్నాడు, ఒడ్డు దూరమవుతోంది. నాకు గొంతు పెగల్లేదు. పక్కన తెప్ప దగ్గర వున్న ఇద్దరు జాలరి కుర్రాళ్ళు దూకారు. వాళ్ళు తిన్నగా ఒడ్డుకు లాగలేదు. వాణ్ణి పట్టుకుని పక్కకి, తీరం వెంబడే ఈది, తర్వాత కెరటంతో పాటు ఒడ్డుకు తెచ్చి పడేశారు. డబ్బివ్వబోతే తీసుకోలేదు. "నెమ్మదిగున్న సోటే దిగకూడదు బాబూ, అదే లాగీది" అన్నారు.

ఆ మాట కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. కెరటాలు మోసుకొచ్చిన నీళ్ళు మళ్ళీ లోపలికి పోవడానికి ఒక దారి చేసుకుంటాయి. ఆ దారిలో కెరటం విరగదు, నురగ వుండదు, చూడటానికి పెరట్లో చెరువులా వుంటుంది. దిగితే లోపలికి లాగుతుంది. అందులో చిక్కినవాడు ఒడ్డుకేసి ఎదురీదకూడదు, అలిసిపోతాడు. తీరానికి సమాంతరంగా పక్కకి ఈదితే ఆ లాగుడు తప్పుతుంది. ఆర్కే బీచిలోనూ, కొండకి అవతల వున్న యారాడలోనూ ఏటా వార్తలు వింటూనే వున్నాం, పిక్నిక్కి వచ్చిన కాలేజీ కుర్రాళ్ళు పోయారని. సినిమాలో హీరోయిన్ కెరటాల్లో పరుగెత్తేటప్పుడు కెమెరాకి కనపడకుండా యూనిట్ మొత్తం కాచుకుని వుంటుంది. మనకి యూనిట్ లేదు గదా! పాదాలు తడిసేదాకా సరదా, మోకాళ్ళు దాటితే జాగ్రత్త. లైఫ్‌గార్డు ఈల వేస్తే వెంటనే వెనక్కి రండి, వాదించకండి.

నీళ్ళలో ఆట కాస్త తీరిగ్గా కావాలంటే రుషికొండ నయం. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు తెచ్చుకున్న తీరం అది. అక్కడా సముద్రం సముద్రమే అని మర్చిపోకండి.

సెట్టు కాని సబ్‌మెరైన్

మధ్యాహ్నం ఎండ తగ్గాక మళ్ళీ బీచి రోడ్డుకే రండి. ఇసుకలో ఒక జలాంతర్గామి కనబడుతుంది. దూరాన్నించి చూసి ‘ఏ సినిమా సెట్టో’ అనుకునేవాళ్ళున్నారు. సెట్టు కాదు, అసలుదే. పేరు ఐ.ఎన్.ఎస్. కుర్సురా. సోవియట్ రష్యాలో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో పనిచేసింది. 2001లో రిటైరైంది. 2002లో మ్యూజియమై ఇక్కడ కొలువుతీరింది. పొడవు తొంభై ఒక్క మీటర్లు. డెబ్భైమందికి పైగా మనుషులు నెలల తరబడి అందులో ఎలా బతికారో లోపలికి వెళ్తే గాని తెలియదు. తలుపులు గుండ్రటి కన్నాలు. మంచాలు రైలు బెర్తులకన్నా ఇరుకు. చూపించేవాళ్ళు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్ళే. తొందర పెట్టకుండా అడగండి, మంచి మంచి సంగతులు చెబుతారు. సోమవారం సెలవు. ఆ రోజు వెళ్ళి ఉసూరుమనకండి. ఎదురుగానే టీయూ-142 విమానం కూడా వుంది. 1988 నుంచి 2017 దాకా సముద్రం మీద కాపలా తిరిగి, అదే ఏడాది డిసెంబరు నుంచి సందర్శకుల పాలైంది.

ఇక్కడ నిలబడితే ‘ఘాజీ’ గుర్తు రావలసిందే. 2017లో సంకల్ప్ రెడ్డి డైరెక్షన్‌లో రానా నటించిన సినిమా, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు పుచ్చుకుంది. అది సబ్‌మెరైన్ సెట్టు వేసి తీసిన కథ. అసలు ఘాజీ మాత్రం ఈ తీరానికి దగ్గర్లోనే, 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక మునిగిపోయింది. మన నౌకాదళం మేం ముంచామంటుంది. లోపల ఏదో పేలి మునిగిందని పాకిస్తాన్ వాళ్ళంటారు. ఏమైనా, అందులో వున్న మనుషులెవరూ తిరిగి ఇంటికి వెళ్ళలేదు. బీచి రోడ్డులో వున్న యుద్ధ స్మారకం దగ్గర ఐస్‌క్రీము తింటూ ఫోటో దిగేవాళ్ళు ఒక్క నిమిషం ఆ సంగతి తల్చుకుంటే బాగుంటుంది.

దగ్గర్లోనే విశాఖ మ్యూజియం. అందులో పేలని బాంబు ఒకటి వుంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ వూరి మీద బాంబులు వేశాయి. ఆనాటిదే అది. మన తాతల కాలంలో జనం మూటాముల్లే సర్దుకుని పల్లెలకి పరుగెత్తిన రోజులవి. మీ అత్తగారిని అడగండి, వాళ్ళ పెద్దవాళ్ళు చెప్పిన కథలేవైనా వుంటాయేమో.

అత్తగారికోసం, ఆకలికోసం

అత్తగారి కోరిక సింహాచలం. ఆటోకి బేరమాడేటప్పుడు రానూ పోనూ కలిపి మాట్లాడుకోండి. వరాహ లక్ష్మీనరసింహస్వామి ఏడాది పొడుగునా చందనం కింద దాగి వుంటాడు. నిజరూపం చూపించేది ఒక్క అక్షయ తృతీయ నాడే. శ్రీకృష్ణదేవరాయలు వచ్చి వెళ్ళినట్టు శాసనాలున్నాయి. ‘స్టార్లు కనిపించడం లేదు’ అని మనం విసుక్కుంటాం గాని, ఏడాదికి ఒక్కరోజే కనిపించి జనాన్ని మిగతా రోజులన్నీ తిప్పుకునే ఆ స్వామిని మించిన స్టార్ ఎవరు చెప్పండి!

తిరిగి వచ్చేటప్పుడు పాత వూళ్ళోంచి రండి. రేవు కాలవ పక్కనే మూడు కొండలు వరసగా వుంటాయి. ఒకదానిమీద మేరీమాత చర్చి, ఒకదానిమీద దర్గా, ఒకదానిమీద వెంకటేశ్వరస్వామి గుడి. కింద పెద్ద పెద్ద ఓడలు అంత దగ్గరగా పోతుంటే చెయ్యి చాచి ముట్టుకోవచ్చా అనిపిస్తుంది. ముగ్గురి దగ్గరా దణ్ణం పెట్టుకుని వేటకు పోయేవాళ్ళున్న వూరు అది. శ్రీశ్రీ 1910లో పుట్టింది ఈ వూళ్ళోనే. ఆరుద్ర పుట్టిందీ ఇక్కడే. తెలుగు సినిమా పాటకి ఈ ఒక్క వూరు ఎంతిచ్చిందో ఈ రెండు పేర్లే చెబుతాయి.

అక్కణ్ణించి జగదాంబ సెంటరు. వూరికి నడిబొడ్డు. ఆ పేరు ఏ అమ్మవారి గుడిదో అనుకోకండి, సినిమా హాలుది! మిగతా వూళ్ళలో సెంటరు పేరు హాలుకు పెడతారు. ఇక్కడ హాలు పేరే సెంటరుకు నిలిచిపోయింది. సినిమా అంటే ఆ వూరికి ఎంత ప్రేమో ఇంకా చెప్పాలా?

సాయంత్రం తిండి బీచిలోనే. మురీ మిక్చరు తినకుండా వస్తే మీరు విశాఖ వెళ్ళలేదనే లెక్క. మరమరాల్ని అక్కడ మురీలు అంటారు. వాటిలో ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం, కారం, వేరుశెనగ్గుళ్ళు కలిపి కాగితం పొట్లంలో ఇస్తారు. బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తులు, వేసవి అయితే తాటిముంజెలు. మీవారికి చెప్పండి, ఇవి ఇంటిల్లిపాదీ తిన్నా పెద్ద హోటల్లో ఒక కాఫీ ఖరీదుకు అటూ ఇటూ. తిన్న పొట్లాలు మాత్రం ఇసుకలో పారెయ్యకండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు అర్ధరాత్రివేళ ఈ ఒడ్డుకే వచ్చి గుడ్లు పెట్టి పోతాయి. అటవీశాఖవాళ్ళు ఆ గుడ్లు ఏరి, కాపాడి, పిల్లలయ్యాక సముద్రంలో వదులుతారు. ఆ దృశ్యం మీ కంట పడితే అదృష్టం. ఏ డైరెక్టరూ అంత బాగా తీయలేడు.

రెండోరోజు: భీమిలి దారి

రెండోరోజంతా ఒకే రోడ్డు. విశాఖ నుంచి భీమిలి దాకా సముద్రం పక్కనే సాగే రోడ్డు. ముందు కైలాసగిరి ఎక్కి వూరంతా ఒక్కసారి చూడండి. రోప్‌వే ఎక్కితే పిల్లలకి సంబరం. అక్కణ్ణించి తీరం వంపు, దూరాన డాల్ఫిన్స్ నోస్ కొండ ఒకే ఫ్రేములో కనిపిస్తాయి. టైటిల్స్ పడేటప్పుడు వేసే షాటు ఇదే గదా అనిపిస్తుంది.

తర్వాత తొట్లకొండ. కొండరాతిలో తొలిచిన నీటి తొట్లు వున్నాయి గనుక ఆ పేరు. రెండువేల ఏళ్ళనాడు బౌద్ధ భిక్షువులు సముద్రం చూసుకుంటూ బతికిన చోటు. 1976లో నౌకాదళం సర్వే చేస్తుండగా బయటపడింది. ఆ దగ్గర్లోనే మంగమారిపేట ఒడ్డున సముద్రం తానే చెక్కుకున్న రాతి తోరణం వుంది. పోటు లేని వేళ చూడాలి. కొండమీద రామానాయుడు స్టూడియో కూడా ఈ దారిలోనే.

అసలు చూడవలసింది ఇంకా ముందుంది. ఎర్రమట్టి దిబ్బలు. పేరు వినకపోయినా మీరు చూసే వుంటారు. ఎర్రటి ఇసుక గుట్టలు, వాటి మధ్య మెలికలు తిరిగిన లోతైన దారులు, హీరోయిన్ తెల్లచీర కొంగు ఎగరేసుకుంటూ పరుగు... గుర్తొచ్చిందా? అవే. వేల ఏళ్ళ క్రితం గాలీ సముద్రమూ కలిసి పోసిన ఇసుక అది. అందులోని ఇనుము తుప్పుపట్టి ఆ రంగు వచ్చింది. వాన నీళ్ళు కోసుకుంటూ పోయి ఆ లోయలు తయారుచేశాయి. ఇలాంటివి మన దేశంలో ఇక్కడా, తమిళనాడులో కొన్నిచోట్లా తప్ప లేవు. జియాలజికల్ సర్వేవారు దీన్ని వారసత్వ స్థలంగా ప్రకటించారు. 2025లో యునెస్కో పరిశీలన జాబితాలోకీ ఎక్కింది. అయినా 2024లో ఆ పక్కనే యంత్రాలు పెట్టి తవ్వకాలు జరిగి పెద్ద గొడవైంది. పాత సినిమాల్లో కనిపించే దిబ్బలు వేరు, ఇవాళ మీరు చూసే దిబ్బలు వేరు. విస్తీర్ణం తగ్గింది. అంచులు మనుషులు ఎక్కీ దిగీ అరిగిపోయాయి.

ఇందులో సినిమావాళ్ళ వాటా లేదని నేననను. ట్రాలీలు వేశారు, లారీలు తోలారు, డాన్సర్లని ఎక్కించి ఎగిరించారు. తర్వాత మనం వెళ్ళి, హీరో ఎక్కిన చోటే ఎక్కి ఫోటో దిగాం. ఎర్రగా గట్టిగా కనిపిస్తుంది గాని అది రాయి కాదు, ఇసుక. మన కాలి కింద రాలిన పిడికెడు మళ్ళీ పైకెక్కదు. అందుకని ఒక్కటే కోరుతున్నాను. వాలు మీదికి ఎక్కకండి. దారి వున్నచోట నడవండి. పిల్లల్ని గుట్టల మీంచి జారనివ్వకండి.

చివరికి భీమిలి. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. డచ్చివాళ్ళ సమాధులు, పాత లైట్‌హౌసు, 1861 నాటి పురపాలక సంఘమన్న పేరు... ఇవన్నీ వున్న నిదానమైన చిన్న వూరు. 1978లో కె.బాలచందర్ ‘మరోచరిత్ర’ తీసిన తీరం. తమిళ కుర్రాడు బాలు, తెలుగమ్మాయి స్వప్న. కమల్‌హాసన్ పక్కన సరితకి అదే మొదటి సినిమా. రంగుల సినిమాలు జోరుగా వస్తున్న రోజుల్లో నలుపు తెలుపుల్లో తీశారు. 1981లో బాలచందరే దాన్ని హిందీలో ‘ఏక్ దూజే కే లియే’గా తీశారు. ‘మరోచరిత్ర’ వచ్చాక ఆ తీరం ప్రేమికులకి యాత్రాస్థలమైంది. జంధ్యాల గారూ ఈ వూరంటే ప్రాణం పెట్టారు. ‘చంటబ్బాయ్’ (1986) లాంటి ఆయన సినిమాలు చూస్తే నవ్వుల వెనకాల విశాఖ వీధులు కనిపిస్తాయి.

నన్నడిగితే ఆ పాత సినిమాలు ఇప్పుడు కథ కోసం కాదు, వెనకాల వున్నదానికోసం కూడా చూడాలి. ఇసుక ఎంత దూరం వుండేదో, కొండ మీద ఇళ్ళు ఎన్ని వుండేవో, రోడ్డు ఎంత సన్నగా వుండేదో అందులో వుంది. కమల్‌హాసన్‌నీ సరితనీ తియ్యబోయిన కెమెరాలో, ఎవరూ అడక్కుండానే, ఒక వూరి చిన్నతనం పడిపోయింది. ప్రభుత్వ కాగితాల్లో దొరకని సాక్ష్యం రీళ్ళలో దొరుకుతుంది.

సినిమావాళ్ళకి ఒక మనవి. స్టూడియోలో వేసిన సెట్టు కూలిస్తే మర్నాడు మళ్ళీ వేసుకోవచ్చు. ఆర్ట్ డైరెక్టర్లు మహానుభావులు, తాజ్‌మహలే కట్టి చూపిస్తారు. కానీ ఎర్రమట్టి దిబ్బని మళ్ళీ వెయ్యగల ఆర్ట్ డైరెక్టరు పుట్టలేదు, పుట్టడు. అవుట్‌డోరుకి వెళ్ళిన ప్రతి యూనిట్టూ పేకప్ చెప్పేముందు వచ్చినప్పుడు ఎలా వుందో అలా వదిలి వెళ్తే చాలు. అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సున్నం కొట్టించి ఇస్తాం గదా, అంతమాత్రం మర్యాద ఈ తీరానికి ఇవ్వలేమా? టైటిల్స్‌లో చిల్లర సహాయకుల పేర్లు కూడా వేస్తున్న రోజుల్లో, ఒక చిన్న కార్డు మీద ‘భీమిలి తీరానికి కృతజ్ఞతలు’ అని వేస్తే ఏ నిర్మాతా దివాళా తియ్యడు.

ఇక ఎప్పుడు వెళ్ళాలంటారా? నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. అక్టోబరు తుఫాన్ల కాలం, వాతావరణ వార్తలు విని బయల్దేరండి. వేసవిలో వెళ్తే పొద్దున్నా సాయంత్రమే తిరగండి, మధ్యాహ్నం ఏ సినిమా హాల్లోనో తలదాచుకోండి. అరకు కూడా ఇదే ట్రిప్పులో కలిపేద్దామని మీవారు అనొచ్చు, ఒప్పుకోకండి. అరకు రైలు ప్రయాణానికే ఒక రోజు ఇవ్వాలి. హడావిడిగా చూసి వచ్చే చోటు కాదది.

బయల్దేరేముందు ఒక రాత్రి కూర్చుని ఇంటిల్లిపాదీ ‘మరోచరిత్ర’ చూడండి. మర్నాడు భీమిలి ఒడ్డున నిలబడి, తెరమీద చూసిందానికీ కళ్ళెదుట వున్నదానికీ తేడా ఎంతో పిల్లల చేత లెక్కపెట్టించండి. వాళ్ళు మీ వయసుకి వచ్చి, వాళ్ళ పిల్లల్ని తీసుకువెళ్ళేనాటికి లెక్కపెట్టడానికి ఆ ఒడ్డున ఇంకా ఏదో మిగిలివుండాలి గదా!

వచ్చేవారం మళ్ళీ తారల కబుర్లతో కలుద్దాం.